బంగారం తాకట్టు: తూకం వేసిన రోజు నుంచి విడిపించే రోజు దాకా

నగల మీద ఎంత వస్తుందని అందరూ అడుగుతారు. విడిపించే డబ్బు ఏ నెలలో, ఎక్కడి నుంచి వస్తుందో ముందే లెక్క వేసుకునేవాళ్లు తక్కువ. నగ వేలం దాకా వెళ్లేది అక్కడే. కాబట్టి తాకట్టుకు బయలుదేరేముందు ఒక కాగితం మీద రెండే రెండు విషయాలు రాయండి: విడిపించే తేదీ, ఆ డబ్బు వచ్చే దారి. పంట డబ్బా, చీటీ డబ్బా, జీతంలో మిగిలేదా? ఆ రెండో గడి నింపలేకపోతే తాకట్టు కన్నా ఒక నగ అమ్ముకోవడమే మేలు కావచ్చు. అమ్మితే ఒక నగ పోతుంది. వడ్డీ కట్టలేక వేలానికి వదిలేస్తే నగా పోతుంది, అప్పటిదాకా కట్టిన వడ్డీ కూడా పోతుంది.

ఏ నగలు తీయాలి

రాళ్లు, పచ్చలు, కెంపులు, ముత్యాలు ఉన్న హారం చూడ్డానికి ఎంత బరువుగా ఉన్నా తాకట్టుకు పనికొచ్చేది అందులోని బంగారమే. రాళ్ల బరువు, లక్క బరువు, దారం, పూసలు అన్నీ తీసేసి నికర తూకం కడతారు. కొన్నప్పుడు ఇచ్చిన తరుగు, మజూరీ, జీఎస్టీ కూడా లెక్కలోకి రావు. అందుకే సాదా గాజులు, గొలుసులు, వంకీలు ముందు తీయండి. లోపల లక్క నింపిన గాజులుంటే ఆ సంగతి కౌంటర్ దగ్గర మీరే ముందు చెప్పండి. చెప్పకపోతే అనుమానంతో ఎక్కువ కోత వేస్తారు. నల్లపూసల గొలుసైతే పూసలు పోను మిగిలేది తక్కువే.

916 హాల్‌మార్క్ ఉంటే పని సులువు. 2021 జూలై నుంచి హాల్‌మార్క్ వేసిన నగలపై అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో దాన్ని కొడితే నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. అమ్మమ్మల నాటి కాసులపేరు, నాను లాంటివాటికి హాల్‌మార్క్ ఉండదు. టంకం ఎక్కువగా ఉన్న పాత నగ 22 క్యారెట్ల కన్నా తక్కువ తేలడం మామూలే. అలా తేలిందని మోసం అనుకోకండి, కానీ ఎన్ని క్యారెట్లుగా రాశారో తప్పకుండా చూడండి.

బిస్కెట్లు, కడ్డీల మీద బ్యాంకులు అప్పు ఇవ్వవు. నాణేలైతే ఒకరికి మొత్తం 50 గ్రాముల వరకే, ఆభరణాలైతే కిలో వరకే తీసుకుంటారు. నగ మీదేనని బిల్లు చూపించాలి, లేకపోతే సంతకంతో ప్రకటన ఇవ్వాలి. ఆధార్, పాన్, ఫొటో, బ్యాంకు పాస్‌బుక్ తీసుకెళ్లండి. వ్యవసాయ రుణమైతే పట్టాదారు పాస్‌బుక్, 1బీ (భూమి హక్కుల నకలు) కూడా అడుగుతారు.

తూకం మాటల్లో ఒక జాగ్రత్త. కోస్తాలో కాసు అన్నా సవర అన్నా 8 గ్రాములే. తెలంగాణలో తులం అంటే ఇప్పుడు 10 గ్రాములుగా లెక్కిస్తున్నారు గానీ పాత తులం 11.66 గ్రాములు. పెద్దవాళ్లు చెప్పిన తులాల లెక్కతో వెళ్తే తేడా వస్తుంది. ఇంటి దగ్గరే గ్రాముల్లో తూయించి రాసుకోండి.

వడ్డీని రూపాయల్లోకి మార్చుకోండి

బ్యాంకువాళ్లు ఏడాది శాతం చెప్తారు. బజారులో నూటికి నెలకు ఎన్ని రూపాయలో చెప్తారు. రెండూ ఒకే కొలతలోకి తెచ్చుకోకపోతే పోల్చలేం. ముప్పావలా (75 పైసల) వడ్డీ అంటే ఏడాదికి 9 శాతం, రూపాయి అంటే 12, రూపాయిన్నర అంటే 18, రెండు రూపాయలంటే 24 శాతం. లక్షన్నర అప్పు మీద ముప్పావలా చొప్పున ఏడాదికి 13,500 అవుతుంది. అదే రెండు రూపాయలైతే 36,000. అంటే 22,500 తేడా, అదీ ఒక్క ఏడాదిలో.

ఫైనాన్స్ కంపెనీల్లో చూడాల్సింది బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వడ్డీ కాదు. కొన్ని పథకాల్లో ఆ తక్కువ వడ్డీ నెలనెలా తప్పకుండా కట్టినవాళ్లకే వర్తిస్తుంది. నెల దాటితే ఒక రేటు, మూడు నెలలు దాటితే ఇంకో రేటు అని మెట్లుమెట్లుగా పెరుగుతుంది. కట్టని వడ్డీ అసలులో కలిసి చక్రవడ్డీ అవుతుంది. అందుకే ఇలా అడగండి: "ఏడాది దాకా ఒక్క రూపాయీ కట్టకుండా, చివర్లో విడిపిస్తే మొత్తం ఎంత కట్టాలి?" జవాబు రూపాయల్లో, కాగితం మీద రాయించుకోండి. దాంతోపాటు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, నగ విలువ కట్టే అప్రైజర్ ఫీజు, నోటీసు ఖర్చులు, ముందే విడిపిస్తే కనీసం ఎన్ని రోజుల వడ్డీ పడుతుందో కూడా అడగండి.

సాగు కోసమైతే బ్యాంకు, గ్రామీణ బ్యాంకు, సొసైటీల్లో ముందు అడగండి. కానీ వ్యవసాయ బంగారు రుణం అన్నంత మాత్రాన కేంద్రం వడ్డీ రాయితీ దానంతటదే రాదు. ఆ ఖాతా కిసాన్ క్రెడిట్ కార్డు కిందికి వస్తుందో లేదో మేనేజర్‌ను నేరుగా అడిగి తేల్చుకోండి. వీధిలోని తాకట్టు వ్యాపారి (పాన్ బ్రోకర్) దగ్గర పెట్టాల్సి వస్తే లైసెన్సు, అచ్చు రసీదు ఉన్నచోటే పెట్టండి. చీటీ ముక్క మీద గీసిన అంకెల్ని నమ్మి నగ వదిలి రావద్దు.

కౌంటర్ దగ్గర

అప్రైజర్ నగ తూచేముందు తక్కెడ సున్నా చూపిస్తోందో లేదో చూడండి. ఫ్యాను గాలికి అంకెలు ఊగుతుంటే ఆపమని అడగండి, అందులో మొహమాటమేమీ లేదు. తర్వాత నగను గీటురాయి మీద రుద్దుతారు. నల్లరాయి మీద పసుపు గీత పడుతుంది. పక్కనే స్వచ్ఛత తెలిసిన కడ్డీతో ఇంకో గీత గీసి, రెండింటి మీదా ఆసిడ్ చుక్క వేస్తారు. బంగారం తక్కువైన గీత వెలిసిపోతుంది, ఇత్తడి అయితే గీతే మాయమవుతుంది. గొలుసును కొక్కెం దగ్గర ఒకచోట, మధ్యలో ఒకచోట గీస్తారు, ఎందుకంటే కొక్కెం, అతుకుల దగ్గర టంకం ఎక్కువ. కొక్కెం దగ్గర ఒక్క గీతతో మొత్తం నగకు తక్కువ క్యారెట్ రాస్తే మళ్లీ వేరేచోట చూడమనండి. కొన్ని శాఖల్లో ఎక్స్‌రే యంత్రం ఉంటుంది. అది పైపొరనే చూస్తుంది, కాబట్టి అనుమానం వస్తే గీటురాయితోనో, ఇంకా లోతు పరీక్షతోనో సరిచూస్తారు.

ఈ పరీక్ష మీ కళ్లముందే జరగాలి. 2025 జూన్ 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో ఇది స్పష్టంగా ఉంది. 2026 ఏప్రిల్ 1 లోపు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు అన్నీ వాటిని అమలు చేయాలన్నది గడువు. ఆ ఆదేశాల ప్రకారం మీకు ఒక పరీక్ష పత్రం ఇవ్వాలి. అందులో స్వచ్ఛత క్యారెట్లలో, మొత్తం బరువు, నికర బరువు, రాళ్లకూ లక్కకూ దారానికీ ఎంత తీశారు, నగకు ముందే ఉన్న విరుగుళ్లు, కట్టిన విలువ, నగ ఫొటో ఉండాలి. సంతకం పెట్టేముందు 'ఎంత తీశారు' అన్న గడి దగ్గర ఆగండి. రాళ్ల బరువు 2 గ్రాములుండే చోట 4 గ్రాములు రాస్తే అప్పు తగ్గడం ఒక్కటే కాదు, రేపు వేలం దాకా వెళ్తే మీ నగ విలువే తక్కువగా మొదలవుతుంది.

నగలన్నీ ఒక తెల్ల కాగితం మీద పరిచి మీ ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. గాజులెన్ని, ఏ గాజుకు సొట్ట ఉంది, ఏ రాయి ఊడింది, అన్నీ కనిపించాలి. కవరు మీ ముందే సీలు చేయించి, కవరు నంబరు రసీదు మీద రాయించండి.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. నగలన్నీ ఒకే రుణంలో పెడితే తర్వాత కొంత డబ్బు కట్టి ఒక్క హారమే విడిపించుకోవడం కుదరకపోవచ్చు. కుదిరినా మళ్లీ తూకం, మళ్లీ ఫీజు. ఇంట్లో పెళ్లి ఉందనుకోండి, పెళ్లికి కావలసిన నగను విడిగా ఒక రుణంలో, గాజులను ఇంకో రుణంలో పెట్టండి. ఫీజు రెండుసార్లు పడుతుంది గానీ ముందు ఏది కావాలో అదే తెచ్చుకోవచ్చు.

ఎంత వస్తుంది

విలువ కట్టేది ఆ రోజు నగల దుకాణం ధరతో కాదు. గత 30 రోజుల ముగింపు ధరల సగటు, నిన్నటి ముగింపు ధర, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది తీసుకుంటారు. 18 క్యారెట్ల నగైతే దాన్ని 22 క్యారెట్ల లెక్కలోకి తగ్గిస్తారు: 20 గ్రాములు సుమారు 16.36 గ్రాములవుతుంది.

సొంత ఖర్చులకు తీసుకునే రుణమైతే 2.5 లక్షల వరకు బంగారం విలువలో 85 శాతం, 2.5 దాటి 5 లక్షల వరకు 80 శాతం, 5 లక్షలు దాటితే 75 శాతం గరిష్ఠ పరిమితి. అంతే ఇస్తారని కాదు, అంతకు మించకూడదని. సాగుకూ వ్యాపారానికీ ఇచ్చే రుణాలకు బ్యాంకు తన పద్ధతిలో నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు 24 గ్రాముల హారం. రాళ్లు 2.5, లక్క 1.5 పోను నికరం 20 గ్రాములు, 22 క్యారెట్లు. లెక్క సులువుగా ఉండేందుకు గ్రాము 10,000 అనుకుందాం. విలువ 2,00,000. నెలనెలా వడ్డీ కట్టే రుణమైతే 1,70,000 దాకా రావచ్చు. అసలూ వడ్డీ అన్నీ ఏడాది చివర ఒకేసారి కట్టే రుణమైతే, చివరికి కట్టాల్సిన మొత్తమే ఆ 1,70,000 లోపు ఉండాలి. 9 శాతం వడ్డీతో వెనక్కి లెక్కేస్తే ఈరోజు చేతికి వచ్చేది సుమారు 1,55,900. పక్కింటివాళ్లకు ఎక్కువిచ్చారు, మాకు తక్కువిచ్చారు అన్న గొడవలకు చాలాసార్లు ఈ తేడాయే కారణం.

2.5 లక్షల గీత దగ్గర ఇంకాస్త చూసుకోండి. నెలనెలా వడ్డీ కట్టే రుణంలో 2,50,000 కావాలంటే సుమారు 2,94,000 పైచిలుకు విలువైన బంగారం చాలు. 2,60,000 కావాలంటే మొత్తానికి 80 శాతమే వర్తిస్తుంది కాబట్టి 3,25,000 విలువైన బంగారం పెట్టాలి. పది వేల కోసం ఇంకో మూడు గ్రాములు కవర్లోకి వెళ్తాయి. పైగా 2.5 లక్షలు దాటితే మీ ఆదాయం, తీర్చే స్తోమత కూడా చూస్తారు.

ఫైనాన్స్ కంపెనీలు నగదుగా 20,000 మించి ఇవ్వవు. మిగతాది ఖాతాలో పడుతుంది.

గడువు, నోటీసు, వేలం

సొంత ఖర్చులకు తీసుకుని చివర్లో ఒకేసారి కట్టే రుణం గడువు 12 నెలలు దాటదు. తిరగరాయించుకోవచ్చు, కానీ అప్పటిదాకా అయిన వడ్డీ కట్టిన తర్వాతే. తిరగరాస్తే సరిపోతుంది కదా అనుకుని ఖాళీ చేతులతో గడువు రోజున వెళ్లేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. వీలైతే నెలకు రెండు మూడు వేలయినా ఖాతాలో వేస్తూ, అది వడ్డీకి జమయిందో అసలుకో రసీదులో చూసుకోండి. బంగారం ధర బాగా పడిపోతే కొంత కట్టమనో, ఇంకో నగ తెమ్మనో అడగొచ్చు. అందుకే పరిమితి దాకా తీసుకోకుండా పది శాతం వదిలిపెట్టడం మంచిది.

ఇల్లు మారినా ఫోన్ నంబరు మారినా వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. పాత చిరునామాకు వెళ్లి తిరిగొచ్చిన నోటీసు వల్ల పోయే నగలుంటాయి.

వేలానికి ముందు నోటీసు ఇవ్వాలి. ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ, ఒక జాతీయ పత్రికలోనూ ప్రకటన వేయాలి. కనీస ధర వేలం నాటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు. రెండుసార్లు వేలం విఫలమైతేనే 85 శాతానికి దించవచ్చు. అప్పు పోను మిగిలిన డబ్బు, వేలం సొమ్ము పూర్తిగా అందిన 7 పనిదినాల్లో మీకివ్వాలి. ఆ లెక్క అడిగి తీసుకోండి. గడువు దాటిపోయిందని ఆశ వదులుకోకండి. 1872 నాటి భారత ఒప్పంద చట్టం ప్రకారం నగ అమ్ముడుపోయే క్షణం దాకా అప్పు, ఆలస్యం వల్ల అయిన ఖర్చులు కట్టి విడిపించుకునే హక్కు మీకుంది.

విడిపించే రోజు

ముందురోజు ఫోన్ చేసి కట్టాల్సిన మొత్తం అడగండి. కొన్నిచోట్ల నగలు వేరే శాఖ లాకర్లో ఉంటాయి. అప్పు పూర్తిగా తీరాక అదే రోజు, ఎంత ఆలస్యమైనా 7 పనిదినాల్లో నగ ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి.

కవరు సీలు, నంబరు చూశాకే తెరవమనండి. ఒక్కో నగ తూయించి పరీక్ష పత్రంలోని బరువుతో, మీ ఫోన్‌లోని ఫొటోతో పోల్చండి. కొక్కేలు, జుంకాల శీలలు, గాజుల మరలు లెక్కపెట్టండి, పోయేవి ఇవే. బరువు తగ్గినా, నగ మారినా, విరిగినా అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. 14448కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. అన్నీ సరిపోయాకే 'నగలు ముట్టాయి' అన్నచోట సంతకం పెట్టండి, అప్పు ముగిసినట్టు పత్రం తీసుకోండి. నెలా రెండు నెలల తర్వాత సిబిల్ నివేదికలో (మీ అప్పుల చరిత్ర) ఆ ఖాతా మూసినట్టు వచ్చిందో లేదో ఒకసారి చూసుకోండి.