కొండెక్కే ఎలక్ట్రిక్ సైకిల్ కొనబోతున్నారా? వాట్లు చూసి కొనకండి

పోయిన ఆదివారం మాతో పాటు కొండెక్కిన ఒక కుర్రాడు ఇప్పుడు కాలర్ బోన్ విరిగి మంచం మీద ఉన్నాడు. సైకిల్ కొని నెల కూడా కాలేదు. దాని మోటారు మీద 1500 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సగం ఎత్తు దాటాక, రాళ్లు మెట్లలా పేరుకున్న చోట, ముందు కాలిన వాసన వచ్చింది. ఆ వెంటనే మోటారు చచ్చిపోయింది. 34 కిలోల సైకిల్ వెనక్కి జారింది, భయంతో బ్రేకు నొక్కాడు, ముందు చక్రం గాల్లోకి లేచి సైకిల్ అతని మీదే పడింది.

అతను తొక్కడంలో తప్పు చేయలేదు. కొనడంలో చేశాడు. ఇదే తప్పు ఇంతకుముందు మరో ఇద్దరు చేయగా చూశాను, కాకపోతే వాళ్లకు మోటారు పోయింది, ఎముకలు విరగలేదు. హెల్మెట్టు, నీళ్ల సీసా, ఫోన్ చార్జింగ్ లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. ఈ ఒక్క మాట మాత్రం మళ్లీ మళ్లీ చెబుతాను: వాట్లు చూసి కొనకండి.

మోటారు ఎక్కడ ఉంది?

ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. చక్రం నడిబొడ్డులో ఉంటే హబ్ మోటారు, పెడళ్ల దగ్గర ఉంటే మిడ్ డ్రైవ్. చదును రోడ్డు మీద రెండింటికీ పెద్ద తేడా తెలియదు. కొండ మీద తేడా అంతా ఇక్కడే ఉంది.

హబ్ మోటారు చక్రంతో ముడిపడి ఉంటుంది. చక్రం మెల్లగా తిరిగితే అదీ మెల్లగానే తిరగాలి. కొన్ని హబ్‌ల లోపల చిన్న పళ్ల చక్రాలు ఉంటాయి, వాటి వల్ల మోటారు కాస్త వేగంగా తిరుగుతుంది కానీ ఆ లెక్క ఎప్పటికీ మారదు. గంటకు 30, 35 కిలోమీటర్ల వేగానికి సరిపడేలా తయారుచేసిన మోటారును 7 కిలోమీటర్ల వేగంతో ఏటవాలు ఎక్కిస్తే, బ్యాటరీ నుంచి కరెంటు విపరీతంగా లాగుతుంది, అందులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. కరెంటు రెట్టింపైతే తీగచుట్టలో వేడి నాలుగింతలవుతుంది. చక్రం కదలకుండా మొరాయిస్తే లోపలికి వెళ్లిన విద్యుత్తు అంతా వేడే. ఆ వేడి మూసి ఉన్న డిప్పలోంచి బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా నైలాన్ పళ్లుంటే అవి మెత్తబడి అరిగిపోతాయి, తీగల మీది పూత మాడుతుంది. అయస్కాంతాలు మామూలు రకం నియోడిమియంవైతే 80 డిగ్రీల సెల్సియస్ దాటాక బలం కోల్పోవడం మొదలవుతుంది. చల్లారినా ఆ బలం తిరిగి రాదు. అందుకే ఒకసారి కాగిపోయిన మోటారు మళ్లీ నడిచినా నమ్మకండి.

మిడ్ డ్రైవ్ మోటారు చైను ద్వారా లాగుతుంది. అంటే మీరు వెనక పెద్ద పళ్లచక్రానికి గేరు మార్చగానే చక్రం మెల్లగా తిరుగుతున్నా మోటారు మాత్రం తనకు సుఖమైన వేగంలోనే తిరుగుతుంది. మీ కాళ్లకు గేరు ఏ మేలు చేస్తుందో మోటారుకూ అదే మేలు.

లెక్క కావాలంటే చూడండి. మనిషి, సైకిల్, సంచి కలిపి 110 కిలోలు. 20 శాతం ఏటవాలు (వంద మీటర్లు ముందుకెళ్తే 20 మీటర్లు పైకి), వదులు కంకర, గంటకు 8 కిలోమీటర్ల వేగం. దీనికి చక్రం దగ్గర సుమారు 540 వాట్లు కావాలి. 29 అంగుళాల చక్రం మీద అది దాదాపు 90 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. షిమానో ఈపీ8 లాంటి మిడ్ డ్రైవ్‌ల మీద 250 వాట్లనే రాసి ఉంటుంది, టార్క్ 85 న్యూటన్ మీటర్లని చెబుతారు. కానీ ఆ 85 పెడళ్ల దగ్గరిది. ముందు 32 పళ్లు, వెనక 51 పళ్లు ఉన్న గేరులో అది చక్రం దగ్గర 135 దాకా అవుతుంది. మీ కాళ్ల బలం దీనికి అదనం. హబ్ మోటారుకు చెప్పే టార్క్ చక్రం దగ్గరిదే, ఏ గేరు వేసినా అది పెరగదు.

ఇక ఆ 250 అంటారా, అది ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. యూరప్ నిబంధనల ప్రకారం రాసేది అదే. కాసేపటికైతే అలాంటి మోటార్లు రెండింతలో అంతకు పైనో ఇస్తాయి. 1500 అని రాసే చోట చాలాసార్లు అది గరిష్ఠం, క్షణకాలం. ఒకటి నిలకడ, ఇంకొకటి ఆవేశం, రెండూ ఒకే అంకెలా పక్కపక్కన రాసి అమ్ముతారు. వాట్లు చూసి కొనకండి.

హబ్ మోటారు ఎందుకూ పనికిరాదని నా ఉద్దేశం కాదు. పెద్ద హబ్, చిన్న చక్రం, వేడిని కొలిచే సెన్సర్ ఉంటే పొట్టి ఎక్కుళ్లు బాగానే ఎక్కుతుంది. ఒకే మోటారును 29 అంగుళాల చక్రంలో కాక 20 అంగుళాల చక్రంలో బిగిస్తే తోపుడు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. కానీ పావుగంట పాటు ఊపిరి తీసుకోనివ్వని కొండకు అది సరిపోదు.

అమ్మేవాళ్ల అంకెలు

'30 డిగ్రీలు ఎక్కుతుంది' అంటే నమ్మకండి. 30 డిగ్రీలంటే 58 శాతం ఏటవాలు, అక్కడ నడవడమే కష్టం. మీరనుకునే 20 శాతం 11 డిగ్రీలే. డిగ్రీలా, శాతమా అని అడగండి. సమాధానం తడబడితే మీకు కావాల్సింది తెలిసిపోయినట్టే.

బ్యాటరీ: ఆ 110 కిలోలను 500 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి 150 వాట్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తిని కొలిచే లెక్క) కావాలి. నష్టాలు కలిపితే 200 దాటుతుంది. మీ కాళ్లు ఎంత పని చేస్తే అందులో అంత తగ్గుతుంది. ఇంకొక సంగతి, చార్జి అడుగంటిన బ్యాటరీ మీద బరువు పడితే వోల్టేజి కుంగి, 20 శాతం చూపిస్తుండగానే ఆగిపోవచ్చు. ఆగేది ఎప్పుడూ అతి నిటారు చోటే, ఎందుకంటే ఎక్కువ కరెంటు లాగేది అక్కడే.

బ్రేకులు: పైకి ఎక్కించిన ఆ 150 వాట్ అవర్లలో చాలా భాగం దిగేటప్పుడు బ్రేకు డిస్కుల్లో వేడిగా మారాలి. మిడ్ డ్రైవ్‌లో మోటారు బ్రేకు పట్టి బ్యాటరీ నింపే ఏర్పాటు మామూలుగా ఉండదు. నాలుగు పిస్టన్ల హైడ్రాలిక్ బ్రేకులు, 200 మిల్లీమీటర్ల డిస్కులు. ఇంతకు తగ్గితే వద్దు.

ఇక మిగతావి వరసగా:

ముందు చక్రంలో మోటారున్న సైకిల్ కొండకు కొనకండి. ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోతుంది, ముందు చక్రం గాలిలో కొట్టుకుంటుంది.

పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ వద్దు. మీరు తొక్కడం ఆపాక కూడా అరక్షణం తోస్తుంది, రాళ్ల మధ్య ఆ అరక్షణం చాలు. ఎంత బలంగా తొక్కుతున్నారో కొలిచే టార్క్ సెన్సరే కావాలి.

చదును నేల మీద రెండు చక్కర్లు కొట్టి కొనకండి. మీ బరువుతో, మీ సంచితో, నిజమైన ఎక్కుడు మీద పదిహేను నిమిషాలు ఎక్కించి చూడండి. దానికి ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి.

తోసుకుంటూ నడిచేటప్పుడు సాయం చేసే మీట ఉందో లేదో చూడండి. పాతిక కిలోలను మీరే తోయాల్సిన రోజు వస్తుంది.

గేరు ఎక్కుడు మొదలయ్యేలోపే దించుకోండి. మధ్యలో మార్చాల్సి వస్తే కాలి బలం ఒక్క క్షణం తగ్గించి మార్చండి. బలంగా తొక్కుతూ గేరు మార్చడమే మిడ్ డ్రైవ్ చైనుల్ని తెంపేది. చైను తెగినా జారేది వెనక్కే.

చైను అరుగుదల నెలకోసారి కొలవండి.

మధ్యలో ఆగితే మళ్లీ నేరుగా పైకి బయల్దేరకండి. సైకిల్‌ను వాలుకు అడ్డంగా తిప్పి ఎక్కండి.

దిగి నిలబడ్డాక బొటనవేలి థ్రాటిల్ (తొక్కకుండానే మోటారును నడిపే మీట) తాకకండి. ముందు స్విచ్ ఆపండి.

కాలిన వాసన వస్తే ఆ నిమిషమే ఆగండి. నీళ్లు పోయకండి. పైడిప్ప చల్లగా ఉంది కదా అని ఎక్కేయకండి, లోపలి తీగలు ఇంకా కాగుతూనే ఉంటాయి.

కంట్రోలర్‌లో (మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో నియంత్రించే పెట్టెలో) కరెంటు పెంచి ఇస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. వాట్ల పిచ్చిలో అది రెండో మెట్టు.

వేడిగా ఉన్న బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టకండి. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నా పెట్టకండి. గట్టిగా కింద పడిన బ్యాటరీని పరీక్ష చేయించేదాకా ఇంట్లోకి తేకండి.

ముందున్న సైకిల్ వెనకే నేరుగా ఎక్కకండి. ఆ ఆదివారం ఆ కుర్రాడికీ, కింద నుంచి వస్తున్న మా ఇద్దరికీ మధ్య రెండు మీటర్ల ఎడం లేదు.

సైకిల్ వెనక్కి జారడం మొదలైతే పట్టుకోకండి. బ్రేకు కూడా నొక్కకండి. కొండవైపు కాలు దించి, దాన్ని వదిలేయండి.