మెయోతో ఇవా సూర్యోదయానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

మెయోతో ఇవా అంటే జపాన్‌లో ఇసే పట్టణం దగ్గర ఫుతామి తీరాన, వరిగడ్డి తాడుతో ముడిపడి నిలబడ్డ ఆలుమగల రాళ్లు, షింటో మతంలో సృష్టి దేవతలైన ఇజనగి ఇజనమి దంపతులని మొక్కుతారు. జూన్‌లో వెళ్లేవాళ్లకి:

– రాత్రి బస ఫుతామిలోనే. అక్కడ 4:40 ప్రాంతంలోనే సూర్యోదయం, నగోయా నగరంలో పడుకుని పొద్దున రైలెక్కితే మీరు దిగేసరికి సూర్యుడు నెత్తిమీదుంటాడు, ఖర్చంతా దండగ.

– నెల చూసుకోండి. రాళ్ల మధ్య సూర్యుడు పొడిచేది సుమారు మే నుంచి జులై దాకానే. చలికాలంలో అక్కడ కనిపించేది చంద్రుడు, అదీ బాగుంటుందిలెండి.

– జూన్ అంటే వానలు కూడా. మబ్బు పడితే అంతే, వీలుంటే రెండు రాత్రులు ఉంచుకోండి.

– జారని చెప్పులు. గాలి ఎక్కువైతే అలలు దారి మీదికి ఎగిరిపడతాయి.

– ఇసే ఆలయానికి తర్వాత వెళ్లండి. ముందు ఫుతామిలో శుద్ధి అవడం పాతకాలం యాత్రికుల పద్ధతి.