ఫైబర్ బోటుకు వీహెచ్ఎఫ్ రేడియో బిగించడం

వేటకు వెళ్లే ఎనిమిది, తొమ్మిది మీటర్ల ఫైబర్ బోటు ఒడ్డు దాటి కొంత దూరం పోగానే సెల్‌ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. అక్కడ ఆదుకునేది మెరైన్ వీహెచ్ఎఫ్ సెట్టు. చేత్తో పట్టుకునేది 5, 6 వాట్లు ఇస్తుంది, బోటుకు బిగించేది 25 వాట్లు. చాలామంది డబ్బంతా సెట్టు మీద పెట్టి, ఏంటెన్నా దగ్గరా కేబుల్ దగ్గరా చెయ్యి బిగపడతారు. మాట ఎంత దూరం పోతుందో తేల్చేది మాత్రం ఆ రెండే.

ముందు ఎత్తు సంగతి. వీహెచ్ఎఫ్ ఇంచుమించు చూపు మేరే పోతుంది. ఏంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.2తో గుణించండి. అవతలివాళ్ల ఏంటెన్నాకూ అలాగే లెక్కకట్టి రెండూ కలిపితే దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది. రెండు బోట్లలోనూ 4 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 9 మైళ్లు. 1 మీటరు ఎత్తులో కట్టుకుంటే నాలుగున్నర కూడా రాదు, ఎన్ని వాట్లున్నా సరే. అందుకని స్టెయిన్‌లెస్ గొట్టం నిలబెట్టి దాని కొసన బిగించండి. గొట్టం అడుగున లోపలివైపు మెరైన్ ప్లైవుడ్ ముక్క వేసి, బోల్టులు ఆరపారగా దింపాలి. ఉత్త ఫైబర్‌కి స్క్రూలు కొడితే కెరటాల ఊపుకి నెలలోనే వదులైపోతాయి.

చిన్న బోటుకు మీటరు పొడవుండే 3 డీబీ హాఫ్‌వేవ్ ఏంటెన్నా చాలు (డీబీ అంటే ఏంటెన్నా తరంగాన్ని ఎంత కూడగట్టి పంపుతుందో చెప్పే కొలత). దానికి కింద లోహపు పలక అక్కర్లేదు కాబట్టి ఫైబర్‌కి సరిగ్గా సరిపోతుంది. పొడుగాటి 6 డీబీది మంచిదనుకుంటారు. దాని తరంగం పలచగా, అడ్డంగా పోతుంది. బోటు ఒరిగినప్పుడల్లా అది ఓసారి నీళ్లలోకీ, ఓసారి ఆకాశంలోకీ పోయి, అవతలివాళ్లకి మాట తెగుతూ వినిపిస్తుంది.

కేబుల్ 50 ఓమ్‌లది ఉండాలి. టీవీ కేబుల్ 75 ఓమ్‌లు, అది పనికిరాదు. సన్నటి ఆర్‌జీ-58 పది మీటర్లు వేస్తే 25 వాట్లలో ఏంటెన్నాకి చేరేది 16 దాకానే. లావుపాటి ఆర్‌జీ-213 అయితే 20 చేరుతుంది.

ఎక్కువ సెట్లు పాడయ్యేది కేబుల్ కొసన వేసే పీఎల్-259 కనెక్టర్ దగ్గర. దాన్ని తొందరపడకుండా వేయండి. మొదట మరలున్న బయటి రింగును కేబుల్‌కి ఎక్కించాలి. ఇది మరిచిపోతే సోల్డరింగ్ అంతా ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఆర్‌జీ-213కి పైతొడుగు 28 మిల్లీమీటర్లు తీసేయండి. కొసనుంచి 16 మిల్లీమీటర్ల మేర జాలీనీ (సన్న తీగల అల్లికనీ), లోపలి తెల్ల ప్లాస్టిక్‌నీ కోసి రాగితీగ బయటపెట్టండి. మిగిలిన జాలీకి పలచగా లెడ్ పట్టించి, కనెక్టర్‌ను మెలితిప్పుతూ ఎక్కించండి. పక్కనున్న నాలుగు రంధ్రాల్లోంచి లెడ్ జాలీకి పట్టాలి. దీనికి 100 వాట్ల ఐరన్ కావాలి. చిన్నదైతే జాలీ వేడెక్కేలోపు ప్లాస్టిక్ కరిగి తీగ పక్కకి జరుగుతుంది. చల్లారాక మల్టీమీటరుతో మధ్య పిన్నుకీ బయటి లోహానికీ షార్ట్ లేదని చూడండి. ఏంటెన్నా తగిలించకముందే చూడాలి, ఎందుకంటే కొన్ని ఏంటెన్నాలు మీటరుకి సహజంగానే షార్టుగా కనిపిస్తాయి. బయట ఉండే ప్రతి జాయింటు మీదా తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు సాగదీసి, కింద నుంచి పైకి చుట్టండి.

కరెంటుకి కళాయి పూసిన 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు రెండూ నేరుగా బ్యాటరీ దాకా తేవాలి. ప్లస్ వైరుకి బ్యాటరీ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. మాట్లాడేటప్పుడు సెట్టు 5, 6 ఆంపియర్లు లాగుతుంది, వినేటప్పుడు అర ఆంపియరు లోపే. వినపడుతూ, మాట్లాడే బటన్ నొక్కగానే సెట్టు ఆరిపోతోందంటే తప్పు వైరింగ్‌లోనో బ్యాటరీలోనో ఉంది. నొక్కిపెట్టి సెట్టు వెనకాల ఓల్టేజి కొలవండి. బ్యాటరీ దగ్గరికంటే అర ఓల్టు మించి తగ్గితే ఎక్కడో జాయింటుకి పచ్చగా చిలుము పట్టిందన్నమాట. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు ఉప్పు గాలికి నిలవవు. లగ్గులు క్రింప్ చేసి, లోపల జిగురుండే స్లీవు వేయండి.

సెట్టును మూత ఉన్న పెట్టెలో, దిక్సూచికి కనీసం మీటరు దూరంగా పెట్టండి, స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. పెట్టెలోకి దూరే ముందు వైర్లను కిందికి వంచి పైకి తిప్పితే, వాటివెంట కారే నీరు ఆ వంపులోనే రాలిపోతుంది.

ఏంటెన్నా లేకుండా మాట్లాడే బటన్ నొక్కకండి, ట్రాన్స్‌మిటర్ కాలిపోవచ్చు. సెట్టుకీ ఏంటెన్నాకీ మధ్యలో ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (ఏంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపేది) పెట్టి, 1 వాటు మీద, ఆపద పిలుపులకి వాడే 16 కాని ఛానెల్‌లో పరీక్షించండి. 1.5 లోపు బాగున్నట్టు, 2 దాకా ఫర్వాలేదు. 3 దాటితే కనెక్టర్‌లో నీళ్లో, షార్టో ఉన్నట్టే.

సెట్టుకి టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం లైసెన్సు ఉండాలి. ఆపద పిలుపులో బోటును గుర్తుపట్టే నంబరు ఎంఎంఎస్‌ఐ తొమ్మిది అంకెలు, మన దేశపు బోట్లకి 419తో మొదలవుతుంది. చాలా సెట్లు దాన్ని ఒకటి రెండుసార్లకి మించి కొట్టనివ్వవు, కాబట్టి కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూసి ఎక్కించండి. సెట్టులో జీపీఎస్ లేకపోతే విడి జీపీఎస్ అవుట్ వైరును సెట్టు ఇన్‌కి కలపాలి. లేదంటే ఆపద పిలుపు వెళ్తుంది గాని బోటెక్కడుందో అందులో ఉండదు.

ఆపదలో ఎర్ర బటన్ మూత ఎత్తి, సెట్టు కూత మారేదాకా కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. తర్వాత ఛానెల్ 16 మీద మేడే అని మూడుసార్లు పలికి, బోటు పేరు, ఉన్నచోటు, ఏమైందో, ఎంతమంది ఉన్నారో చెప్పాలి. ఈ వరసనీ, ఎంఎంఎస్‌ఐనీ, కోస్ట్‌గార్డ్ నంబరు 1554నీ తెలుగులో పెద్దక్షరాలతో రాసి, లామినేషన్ చేయించి సెట్టు పక్కనే అంటించండి. ఆ వేళకి మైకు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం.