దుబాయ్ పనికి వెళ్లే ముందు వర్క్ పర్మిట్, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఎలా సరిచూసుకోవాలి?

యూఏఈలో కూలి పనికో, డ్రైవరుగానో వెళ్లాలంటే రెండు ప్రభుత్వాలు ఒప్పుకోవాలి. అక్కడి కార్మిక శాఖ (మోహ్రే) ఇచ్చే వర్క్ పర్మిట్ ఒకటి. మీది ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికోసం కొన్ని దేశాలకు వెళ్లాలంటే ముందే ప్రభుత్వ అనుమతి కావాల్సినది) అయితే మన విదేశాంగ శాఖ ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ రెండోది. ఇవి రాకముందే అప్పుచేసి ఏజెంటుకు కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం. అందుకే పనులన్నీ కింద చెప్పిన వరసలోనే చేయండి.

1. పాస్‌పోర్టు. చివరి పేజీలో ఈసీఆర్ అని ముద్ర ఉందేమో చూడండి. పదో తరగతి పాసయినా ఆ ముద్ర ఉంటే, మెమో పెట్టి పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకోవచ్చు. గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి.

2. ఏజెంటు. మన విదేశాంగ శాఖ వెబ్‌సైట్ ఈమైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరు ఉంటే సరిపోదు. లైసెన్సు ఇప్పుడు చెల్లుబాటులో ఉందా, సస్పెండ్ అయిందా అన్నది కూడా చూడండి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు, అతనికి డబ్బు ఇవ్వకండి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు. దానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. బ్యాంకు ద్వారానే కట్టి రసీదు తీసుకోండి. ‘వీసా ఖర్చు’ పేరుతో లక్ష అడిగితే అక్కడితో ఆపేయండి. యూఏఈ కార్మిక చట్టం (2021లోని 33వ నంబరు) ప్రకారం నియామక ఖర్చులను యజమాని కార్మికుడి దగ్గర నేరుగా గానీ, ఇంకో దారిలో గానీ వసూలు చేయకూడదు.

3. ఆఫర్ లెటర్. అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. మోహ్రే నమూనాలో ఉండే ఈ పత్రం అరబిక్, ఇంగ్లీషుతో పాటు కార్మికుడికి తెలిసిన మూడో భాషలో కూడా వస్తుంది. హిందీగానీ తమిళంగానీ చదవగలిగితే ఆ ప్రతి అడగండి, లేదంటే తెలిసినవాళ్లతో చదివించుకోండి. ముందుగా బేసిక్ జీతం ఎంతో చూడాలి. ఏజెంటు చెప్పేది అలవెన్సులు కలిపిన మొత్తం. గ్రాట్యుటీ (పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం), ఓవర్‌టైమ్ మాత్రం బేసిక్ మీదే లెక్కగడతారు. మొత్తం 1,000 దిర్హమ్‌లలో బేసిక్ 600 అనుకుందాం. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల చొప్పున వచ్చే గ్రాట్యుటీ 420 దిర్హమ్‌లే. బేసిక్ 1,000 ఉంటే 700 వచ్చేది. పని పేరు, కంపెనీ పేరు కూడా సరిచూడండి. అక్కడికి వెళ్లాక సంతకం పెట్టించుకునే కాంట్రాక్టు ఈ లెటర్ కంటే తక్కువగా ఉండకూడదు. అందుకే సంతకం చేసిన ప్రతిని ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి.

4. పర్మిట్ నిజమైనదేనా? ఆఫర్ లెటర్ మీదున్న ట్రాన్సాక్షన్ నంబరును మోహ్రే వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ కొడితే దరఖాస్తు ఎక్కడుందో తెలుస్తుంది. తర్వాత వచ్చే ఎంట్రీ పర్మిట్ (దేశంలోకి రావడానికిచ్చే అనుమతి) ఫైల్ నంబరు 201తో మొదలైతే అది దుబాయ్‌ది, 101 అయితే అబూధాబీది. ఆ పర్మిట్ మీద 60 రోజుల్లోగా దేశంలో అడుగుపెట్టాలి.

విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామనే మాట నమ్మకండి. విజిట్ వీసాతో పనిచేయడం నేరం. అలా వెళ్లిన ఈసీఆర్ కార్మికుడికి క్లియరెన్స్ ఉండదు, దానితో వచ్చే బీమా కూడా ఉండదు. ఆజాద్ వీసా కూడా అంతే: కాగితం మీద ఒక కఫీల్ (వీసా ఇప్పించే యజమాని), పని ఇంకొకరి దగ్గర. పర్మిట్ లేని మనిషిని పనిలో పెట్టుకుంటే యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల జరిమానా పడుతుంది. అంత భయం ఉన్నవాడు తనిఖీ వస్తే మీరెవరో తెలియదంటాడు.

5. క్లియరెన్స్. ఈసీఆర్ వాళ్లకు ఏజెంటు ఈమైగ్రేట్‌లో దరఖాస్తు పెడతాడు. దానికి ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షలు ఇస్తారు. నామినీ పేరు, పాస్‌పోర్టు నంబరు తప్పు పడితే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది, పాలసీ చేతికి రాగానే చదవండి. ఇంటి పనికి వెళ్లే ఈసీఆర్ మహిళలకు 30 ఏళ్లు నిండాలి. వాళ్లు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి.

6. దిగాక. మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, రెసిడెన్స్ పనులు కంపెనీ ఖర్చుతో జరగాలి. మెడికల్‌లో హెచ్‌ఐవీ, ఛాతీ ఎక్స్‌రే చూస్తారు. పాత టీబీ మచ్చ బయటపడితే ఇబ్బంది అవుతుంది, కాబట్టి ఒకప్పుడు టీబీ వచ్చినవాళ్లు అప్పు చేయకముందే ఇక్కడ ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించుకోండి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి, యజమాని దాన్ని తీసి పెట్టుకోవడం చట్టవిరుద్ధం. జీతం ఆగినా, కాంట్రాక్టు మార్చినా అక్కడి నుంచే మోహ్రే నంబరు 80084కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టవచ్చు. అప్పుడు మొదట అడిగేది ఆ ఆఫర్ లెటర్ ప్రతినే.