బోరు నీళ్ళ ఇంట్లో గీజర్‌కు పట్టిన గార ఎలా వదిలించాలి?

బోరు నీళ్ళు వాడే ఇంట్లో గీజర్ పైకి కొత్తదానిలాగే మెరుస్తుంటుంది, లోపల మాత్రం గార పేరుకుపోతుంటుంది. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి సుద్దగా మారి గట్టిపడుతుంది. ట్యాంకులో అన్నిటికంటే వేడెక్కేది కాయిలే కాబట్టి ముందు దానికే పడుతుంది. హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా నీళ్ళు వచ్చే ఇళ్ళలో ఈ బాధ తక్కువ. బోరు మీదా ట్యాంకర్ల మీదా నడిచే అపార్ట్‌మెంట్లలో అప్పుడప్పుడూ గీజర్ విప్పక తప్పదు.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే గార కట్టే లవణాల మోతాదు (సుద్ద లెక్కలో), లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీ నీళ్ళలో 400 ఉందనుకోండి. రోజుకు 50 లీటర్లు కాస్తే అందులో 20 గ్రాముల సుద్దకు సరిపడా సరుకు ఉన్నట్టు. దానిలో ఇరవయ్యో వంతు లోపల అంటుకున్నా ఏడాదికి 365 గ్రాములు. నీళ్ళలో కరిగినవన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు ఈ సంగతి చెప్పదు, అది మామూలు ఉప్పును కూడా కలిపి లెక్కపెడుతుంది. చుక్కలు వేసి రంగు చూసే కాఠిన్యం కిట్ కొనుక్కోండి. 200 నుంచి 300 లోపు ఉంటే రెండేళ్ళకోసారి, 300 నుంచి 500 మధ్య ఉంటే ఏటా, అంతకుమించితే ఆరు నెలలకోసారి గీజర్ విప్పడం మంచిది.

గార పట్టిందని ఎలా తెలుస్తుంది?

వేడెక్కేటప్పుడు గుడగుడమనీ, టపటపమనీ చప్పుడు వస్తే గార పొర కింద చిక్కిన నీళ్ళు ఆవిరవుతున్నాయని అర్థం. 15 లీటర్ల ట్యాంకు, 2000 వాట్ల కాయిల్ ఉన్న గీజర్ 25 డిగ్రీల నీళ్ళను 60 డిగ్రీలకు తేవడానికి 18 నుంచి 20 నిమిషాలు చాలు. అంతకంటే చాలా ముందే లైటు ఆరిపోయి నీళ్ళు గోరువెచ్చగానే వస్తుంటే, థర్మోస్టాట్ (నీళ్ళు కాగగానే కరెంటు ఆపే భాగం) గొట్టమూ కాయిలూ ఒకే గార ముద్దలో ఇరుక్కుపోయి ఉంటాయి. థర్మోస్టాట్‌కు అప్పుడు నీళ్ళ వేడి బదులు కాయిల్ వేడి తగులుతుంది.

గార వల్ల కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందన్న ప్రచారం నమ్మకండి. కాయిల్ నీళ్ళలోనే మునిగి ఉంటుంది కాబట్టి వేడి ఎలాగూ నీళ్ళలోకే చేరుతుంది. అసలు నష్టం కాయిల్‌కు. వేడి బయటికి తొందరగా పోక కాయిల్ అతిగా కాగి, తొడుగు పగులుతుంది. పగుల్లోంచి నీళ్ళు దిగితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. అందుకే గీజర్ లైనుకు సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. అది పదే పదే పడిపోతుంటే తిరిగి ఎత్తకండి, కాయిల్ చూపించండి.

విప్పడానికి కావలసినవి

10, 13 నంబర్ల స్పానర్లు, స్క్రూడ్రైవర్, టెస్టర్, ప్లాస్టిక్ బ్రష్, రెండు బకెట్లు, టెఫ్లాన్ టేపు, పావుకిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), మీ మోడల్‌కు సరిపోయే కొత్త గ్యాస్కెట్ (నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు), వీలైతే కొత్త యానోడ్ రాడ్ (ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ). వారంటీ ఉన్న గీజర్‌ను మాత్రం మీరు విప్పకండి, కంపెనీ మెకానిక్‌నే పిలవండి.

పని మొదలుపెట్టండి

1. ముందురోజు రాత్రే గీజర్ ఆపేయండి. పొద్దున ఎంసీబీ (బోర్డులో గీజర్ లైను స్విచ్చు) దించి, ప్లగ్గు ఉంటే పీకేయండి. కింది మూత తీశాక కాయిల్ కొసల దగ్గర టెస్టర్ పెట్టి కరెంటు లేదని రూఢి చేసుకున్నాకే చెయ్యి పెట్టండి.

2. నీళ్ళొచ్చే యాంగిల్ కాక్ కట్టేసి, వేడినీళ్ళ కుళాయి తిప్పి ఉంచండి. నీలం గుర్తు ఉన్న వైపు కనెక్షన్ పైపు ఊడదీయండి. అక్కడున్న సేఫ్టీ వాల్వ్ నీళ్ళను వెనక్కి రానివ్వదు కాబట్టి దాన్ని కూడా విప్పాలి. ఎర్ర గుర్తు వైపు నుంచి గాలి లోపలికి వెళ్ళి నీళ్ళన్నీ బకెట్లోకి దిగుతాయి. నీళ్ళు ధారగా రాకుండా ఆగి ఆగి వస్తుంటే పెచ్చులు అడ్డం పడ్డాయన్నమాట, సన్నటి ప్లాస్టిక్ పుల్లతో కదపండి.

3. వైర్లు విప్పేముందు ఫోన్లో ఫోటో తీసుకోండి. తర్వాత నట్లు విప్పి కాయిల్, థర్మోస్టాట్ గొట్టం, యానోడ్ రాడ్ ఉన్న పళ్ళేన్ని (ఫ్లాంజ్) మెల్లగా కిందికి దించండి. గార ఎక్కువైతే కాయిల్ లావెక్కి రంధ్రంలోంచి రాదు. బలవంతంగా లాగితే వంగిపోతుంది. కాస్త అటూ ఇటూ తిప్పుతూ ముందు పెచ్చులు రాలనివ్వండి.

4. కాయిల్‌ను స్పానర్‌తో కొట్టకండి, కత్తితో గీకకండి. దాని తొడుగు పలచన, లోపల వైరును కాపాడే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. చేత్తో ఊడివచ్చే పెచ్చులు తీసేసి, ఐదు లీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో పావుకిలో నిమ్మ ఉప్పు కరిగించి కాయిల్ వరకే ముంచండి. కరెంటు కొసలు తడవకూడదు. యానోడ్ రాడ్‌ను ముందే విప్పి పక్కన పెట్టండి, పులుపు మెగ్నీషియాన్ని తినేస్తుంది. బుడగలు రావడం మొదలవుతుంది. గంట, రెండు గంటల్లో గార మెత్తబడుతుంది, బ్రష్‌తో రుద్దితే చాలు. బుడగలు ఆగిపోయి గార ఇంకా మిగిలితే ఆ నీళ్ళలో పులుపు అయిపోయినట్టే, కొత్తగా కలుపుకోండి. సలసల కాగే నీళ్ళు వాడకండి, కాల్షియం సిట్రేట్ మళ్ళీ తెల్లటి ముద్దగా దిగుతుంది.

బాత్‌రూం కడిగే యాసిడ్ జోలికి అసలు పోవద్దు. అది గారను నిమిషాల్లో కరిగిస్తుంది నిజమే, స్టీలు ట్యాంకునూ అతుకులనూ కూడా తినేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ తగిలిందంటే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

5. ట్యాంకు లోపల అడుగున చేరిన ఇసుక, పెచ్చులను చేత్తో తీసి, రెండు మూడుసార్లు నీళ్ళు పోసి కడగండి. గాజు పూత ఉన్న ట్యాంకులో ఇనుప వస్తువు పెట్టకండి, పూత లేచిన చోటే తుప్పు మొదలవుతుంది.

6. యానోడ్ రాడ్ మందం సగానికి తగ్గినా, నడిమి తీగ బయటపడినా మార్చేయండి. ట్యాంకుకు బదులు తాను కరిగిపోవడమే దాని పని. అది అయిపోయాక తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది. కాయిల్ పోతే మార్చుకోవచ్చు, ట్యాంకుకు చిల్లు పడితే గీజరే పోయినట్టు. అయినా చాలామంది పట్టించుకోని భాగం ఇదే.

7. పాత గ్యాస్కెట్ మళ్ళీ వాడకండి. నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ఒక పక్కే పూర్తిగా బిగిస్తే మరోపక్క నీళ్ళు కారతాయి. సేఫ్టీ వాల్వ్ మరలకు టెఫ్లాన్ చుట్టి బిగించి, పైపు తిరిగి కలపండి. ఫోటో చూసి వైర్లు మునుపటిలాగే బిగించండి.

8. కరెంటు ఇంకా ఇవ్వకండి. యాంగిల్ కాక్ తిప్పి, వేడినీళ్ళ కుళాయిలోంచి గాలి లేకుండా ధార నిలకడగా వచ్చేదాకా నింపండి. పావుగంట ఆగి ఫ్లాంజ్ చుట్టూ టిష్యూ కాగితంతో తుడిచి చూడండి. పొడిగా ఉంటేనే మూత బిగించి ఎంసీబీ ఎత్తండి. ఖాళీ ట్యాంకుకు కరెంటు ఇస్తే కొత్త కాయిల్ అయినా కొద్దిసేపట్లోనే కాలిపోతుంది.

సేఫ్టీ వాల్వ్ సంగతి

నీళ్ళు కాగేటప్పుడు వాల్వ్ నుంచి చుక్కలు రాలడం మామూలే. 15 లీటర్లు 25 నుంచి 65 డిగ్రీలకు వెళ్తే పావు లీటరు దాకా ఉబ్బుతాయి, అవి ఎటో పోవాలి కదా. గీజర్ చల్లగా ఉన్నా కారుతుంటే లోపల సుద్ద పలుకు ఇరుక్కుంది. లివర్ ఉన్న రకమైతే, నీళ్ళు చల్లారాక రెండు మూడుసార్లు ఎత్తి వదలండి, ఆగకపోతే వాల్వ్ మార్చండి. ఎం-సీల్‌తో మూసేయడం ప్రాణాలతో చెలగాటం: థర్మోస్టాట్ పట్టేసి కరెంటు ఆపని రోజున ట్యాంకు పేలే ప్రమాదం ఉంది.

గార త్వరగా పట్టకుండా

అన్నిటికంటే చవకైన ఉపాయం థర్మోస్టాట్ నాబ్ తగ్గించడం. 60 డిగ్రీలు దాటాక గార వేగంగా పడుతుంది, 55 దగ్గర ఉంచితే స్నానానికి ధారాళంగా సరిపోతుంది. 45కు తగ్గించి రోజంతా నిలవ ఉంచడం మంచిది కాదు, గోరువెచ్చటి నీళ్ళలో బ్యాక్టీరియా పెరుగుతుంది. ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని నిజంగానే తీసేస్తుంది. అది పెట్టించుకున్న ఇళ్ళలో యానోడ్ రాడ్ తొందరగా కరుగుతుంది కాబట్టి ఆరు నెలలకోసారి చూడాలి. పైపుకు తగిలించే అయస్కాంతాల మీద డబ్బు పెట్టకండి.

గ్యాస్ గీజర్ ఇలాంటి బోరు నీళ్ళకు సరిపడదు. దానిలోని సన్నటి రాగి గొట్టం తొందరగా పూడుకుపోయే ప్రమాదం ఉంది. ఇప్పటికే ఉంటే ధార సన్నబడగానే మెకానిక్‌ను పిలవండి, పూర్తిగా మూసుకుపోయేదాకా ఆగితే గొట్టమే మార్చాల్సి వస్తుంది.