ఎండిన మనసుతో మళ్లీ ప్రార్థనకు కూర్చోవడం ఎలా?

నర్సంపేట వైపు ఊళ్లలో ఎండాకాలం చెరువు నెర్రెలు విచ్చినప్పుడే పూడిక తీసి, ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకుంటారు. విశ్వాసంలో ఎండిన కాలాన్ని కూడా నేను అలాగే చూస్తాను. ప్రార్థన పెదవుల మీదే ఆగిపోతున్న రోజుల్లో మొదట చేయవలసినది ఉపవాసం కాదు, కడుపునిండా తిని నిద్రపోవడం. బైబిలులోని 1 రాజులు 19వ అధ్యాయంలో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత మందలించలేదు, రెండుసార్లు తట్టి లేపి భోజనం చేయమన్నాడు.

ఆ తర్వాత తెల్లవారుజామున పది నిమిషాలు బైబిలులోని కీర్తనల గ్రంథం నుండి ఒక్క కీర్తననే పైకి చదవండి. 42, 43 కీర్తనలతో మొదలుపెట్టడం మంచిది. ప్రాణమా, ఎందుకు కృంగిపోయావన్న ప్రశ్న ఆ రెండింటిలో కలిపి మూడుసార్లు వస్తుంది, అంటే ఒక్కసారి అడిగితే తీరిపోయే బాధ కాదది. 88వ కీర్తన అయితే చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. అటువంటి మొర కూడా బైబిలులో నిలిచి ఉన్నది కాబట్టి, మీ ఫిర్యాదును దేవుని ముందు దాచకండి. నోటుబుక్కులో తేదీ వేసి, ఉన్నది ఉన్నట్టు ఒక్క వాక్యం రాయండి.

ఆదివారం మనసు రాకపోయినా ఆరాధనకు వెళ్లి వెనుక చాప మీదనైనా కూర్చోండి, మీరు పాడలేని పాటను పక్కవారు పాడతారు. దిగులు వారాల తరబడి నిద్రను, ఆకలిని చెడగొడుతుంటే పాస్టరు గారికి చెప్పడంతో పాటు డాక్టరును కూడా కలవండి. అది అవిశ్వాసం కానే కాదు. కొంచెం ఓపిక వచ్చాక, సంఘంలో మంచం పట్టిన పెద్దవారి ఇంటికి వెళ్లి, వారు అడిగిన కీర్తననే చదివి వినిపించండి.