స్క్రూ కంప్రెసర్ సోలినాయిడ్ వాల్వ్ మార్చే ముందు

జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో పని చేసే తమ్ముళ్లూ, సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) మార్చేందుకు స్పానర్ పట్టే ముందు ఇవి చూసుకోండి.

స్టాప్ బటన్ నొక్కితే చాలదు. మెయిన్ ఐసోలేటర్ (మెషీన్‌కి కరెంటు పూర్తిగా ఆపే స్విచ్) ఆపి తాళం వేయండి. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. లైన్‌లో గాలి వెనక్కి రాకుండా అవుట్‌లెట్ బాల్ వాల్వ్ మూసేయండి.

అన్నిటికంటే ముఖ్యం ప్రెషర్. 7 బార్ మీద నడిచిన మెషీన్ ఆగగానే సెపరేటర్ ట్యాంకు (గాలి నుంచి ఆయిల్‌ను వేరుచేసే ట్యాంకు) ఖాళీ అయిపోదు. పైగా మీరు మార్చబోయేది ఆ గాలిని వదిలే బ్లోడౌన్ వాల్వే అయితే, అది పట్టేసి గాలంతా లోపలే ఉండిపోవచ్చు. గేజ్ సున్నా చూపించినా దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు, ముల్లు ఇరుక్కుని ఉండొచ్చు. ఆయిల్ చల్లారనివ్వండి, నడిచేటప్పుడు అది 80 డిగ్రీలు దాటి కూడా కాగుతుంది. తర్వాత కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకుని ఆయిల్ పోసే మూతను మెల్లగా, కొంచెమే వదులు చేయండి. 'సుస్స్' అని వినబడిందా, చేయి తీసేసి ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండండి. ఎంత అర్జెంటైనా సరే.

కొత్త వాల్వ్ కాయిల్ (కరెంటు అందే తీగ చుట్ట) మీద వోల్టేజ్ చదవండి: 24, 110, 230లో ఏది, ఏసీనా డీసీనా? నార్మల్లీ ఓపెనా (కరెంటు లేనప్పుడు తెరిచి ఉండేదా), క్లోజ్డా (మూసి ఉండేదా) అన్నదీ పాతదానితో కలవాలి.

వైర్లు విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

టెఫ్లాన్ టేపు మొదటి మర వదిలి చుట్టండి. చిన్న ముక్క లోపలికి పోయినా కొత్త వాల్వ్ కూడా పట్టేస్తుంది.